పలకల బడి – సుమేరు భాష కథ

రెండు నదుల నడిమి నేలను మన పూర్వులు అంతర్వేది అన్నారు. గంగాయమునల మధ్యదేశానికి సంస్కృత వాఙ్మయంలో ఆ పేరుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట వెలసిన మన నృసింహక్షేత్రానికీ ఆ పేరే. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడిమి దేశాన్ని గ్రీకులు మెసొపొటేమియా అని పిలిచారు. ఆ మాటను విడదీసి అర్థం చెప్పుకుంటే అదీ అంతర్వేదియే. నేటి ఇరాక్ దేశపు దక్షిణ భాగమైన ఆ పల్లపు నేలలో, క్రీ.పూ. 4వ సహస్రాబ్దిలో, ప్రపంచంలో తొలి నగరాలనదగినవి కొన్ని వెలిశాయి. ఉరుక్, ఉర్, లగాష్, ఉమ్మా, నిప్పూర్ వాటిలో పేరుగలవి. అక్కడి జనం మాట్లాడిన భాష సుమేరు.

నదీలోయ నాగరికతల గురించి పాఠ్యపుస్తకాలు చెప్పే కథ మూడు మాటల్లో ముగుస్తుంది: పుట్టింది, పెరిగింది, నశించింది. పరీక్షకు ఆ మూడూ చాలు. అయితే నశించినది ఏది? కోటగోడా, పొలమా, రాజ్యమా, భాషా? ఇవన్నీ ఒకేసారి, ఒకే కారణంతో పోవు. సుమేరు రాజ్యం పోయిన తరువాత సుమేరు భాష పలకల మీద మరి రెండువేల ఏండ్లు నిలిచింది. ఆ రెండువేల ఏండ్లు దానిని నిలిపినవారెవరు అన్నదే ఈ వ్యాసవిషయం. దానికి ముందు నది సంగతి కొంత చెప్పుకోవాలి.

మన గోదావరికి వరద వానాకాలంలో వస్తుంది. నారుమడికీ నాట్లకూ నీరు కావలసిన కాలమూ అదే. నైలునదికి వరద వేసవి చివర వచ్చి, పొలాన్ని తడిపి, ఒండ్రు పరచి, విత్తనాల వేళకు తీసిపోయేది. టైగ్రిస్, యూఫ్రటీస్‌లు అటువంటి ఉపకారం చేసినవి కావు. ఉత్తరాన అనటోలియా పర్వతాల మంచు కరిగి వాటికి వరద వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. అప్పటికి యవలు కోతకు వచ్చి ఉంటాయి. విత్తనాలు చల్లవలసిన అక్టోబరు, నవంబరు నెలల్లో నదులు సన్నగిల్లి ఉంటాయి. వాన మీద ఆశ పెట్టుకుందామంటే ఏడాదికి 200 మిల్లీమీటర్లయినా కురవని చోటు. కనుక పంట చేతికి వచ్చేవేళ రైతు నది నుంచి పొలాన్ని కాపాడుకోవాలి. విత్తేవేళ ఆ నదినే పొలానికి రప్పించుకోవాలి. గట్టు వేయాలి, కాలువ తవ్వాలి, ఏటేటా పూడిక తీయాలి. ఇది ఒక ఇంటివారి వల్ల అయ్యే పని కాదు. ఊరు ఊరంతా కదలాలి.

అంతమందిని కూడగట్టి పని చేయించాలంటే వారికి గింజలు కొలవాలి. గింజలు కొలవాలంటే గాదె ఉండాలి. గాదెలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరు ఎంత బాకీ అన్నది ఒకరి జ్ఞాపకానికి వదలిపెట్టలేని రోజు వచ్చింది. ఉరుక్ నగరంలోని ఇయన్నా ఆలయప్రాంగణంలో దొరికిన క్రీ.పూ. 3300 ప్రాంతపు మట్టిపలకలు మనకు తెలిసిన అతి ప్రాచీన లేఖనాలలో చేరుతాయి. వాటిలో స్తోత్రం లేదు, రాజప్రశస్తి లేదు. ఇన్ని కొలతల యవలు, ఇన్ని గొర్రెలు, ఇంతమంది పనివాళ్ళు, అంతే. లిపిని కనిపెట్టినవాడు కవి అయివుంటాడని నమ్మదలచుకున్న నావంటి భాషాపండితులకు ఇది కాస్త చిన్నతనంగానే ఉంటుంది. లిపికి అన్నప్రాశన చేసినవాడు కరణం!

అయితే ఆ లెక్కల పలకల నడుమ ఇంకొక రకం పలకలు కూడా దొరికాయి. వృత్తుల పేర్లు, చెట్ల పేర్లు, పాత్రల పేర్లు వరుసగా రాసిన పట్టికలవి. వాటితో ఏ గాదెకూ పని లేదు. రాత నేర్చుకునేవారి కోసం చేసినవి. అంటే లిపి పుట్టిన వెన్నంటే బడి కూడా పుట్టిందన్నమాట. ఈ సంగతి మనసులో ఉంచుకోవలసిందిగా చదువరులను కోరుతున్నాను.

భాష గురించి ఒక మాట. సుమేరుకు బంధువైన భాష ఇదీ అని నేటికీ తేలలేదు. కాని దాని నడక తెలుగు చదివినవాడికి వింతగా తోచదు. మాట చివర ప్రత్యయం అతికించి అర్థం సాధించే భాష అది. 'లుగల్' అంటే రాజు. 'లుగల్-రా' అంటే రాజుకు. 'ఎ' అంటే ఇల్లు. 'ఎ-తా' అంటే ఇంటినుంచి. మన విభక్తులు వల్లించినట్టే వల్లించవచ్చు. క్రియ వాక్యం చివర వస్తుంది. ఈ పోలికను పట్టుకుని చుట్టరికం కలుపుకోరాదు. టర్కీ భాషదీ, జపాను భాషదీ కూడా ఈ తీరే. పైగా 'లుగల్' అన్న మాటలోనే 'లు' అంటే మనిషి, 'గల్' అంటే పెద్ద. వారికి విశేషణం వెనుక వస్తుంది, మనకు ముందు వస్తుంది. పోలిక ఉన్నంతలో చూసి ఆనందించడం వరకే మన హక్కు.

నీళ్ళు పంచుకునేచోట తగవు తప్పదు. లగాష్, ఉమ్మా అనే ఇరుగుపొరుగు నగరాలు 'గు-ఎదెన్నా' అనే సారవంతమైన బయలు కోసం, దాని కాలువనీటి కోసం తరాల తరబడి కొట్టుకున్నాయి. కిష్ రాజు మెసిలిమ్ మధ్యవర్తిగా వచ్చి సరిహద్దురాయి పాతించాడు. ఉమ్మావారు దాన్ని పీకివేశారు. క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాష్ పాలకుడు ఎయన్నాతుమ్ వారిని ఓడించి విజయశిల చెక్కించాడు. రాబందులు శత్రువుల తలలను తన్నుకుపోతున్న ఆ శిల ముక్కలు నేడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. అంతటితోనూ తగవు తీరలేదు. ఎగువవారు నీరు మళ్ళించడం, దిగువవారు మొత్తుకోవడం అలాగే సాగింది. కృష్ణ నీటి పంపకాల వార్తలు చదివే మనకు ఇది వేరే వివరించనక్కరలేదు. ఎయన్నాతుమ్ సోదరుని మనుమడు కాదు, కొడుకే అయిన ఎన్‌మెటెనా చివరికి ఎగువవారితో వేగలేక టైగ్రిస్ నుంచే పెద్ద కాలువ తెప్పించాడని, నీటితోపాటు కీడు కూడా ఆ కాలువలోనే వచ్చిందని థార్కిల్డ్ జేకబ్‌సన్, రాబర్ట్ ఆడమ్స్ అనే ఇద్దరు పండితులు 1958లో 'సైన్స్' పత్రికలో వాదించారు.

ఆ కీడు పేరు ఉప్పు. చౌడునేల ఎరిగిన రైతుకు ఇది తెలిసిన కథే. నదినీటిలో కంటికి కనబడనంత ఉప్పు ఉంటుంది. వాలు లేని నేలలో, మురుగుకాలువ లేనిచోట, ఏటేటా నీరు పెడుతూ పోతే అడుగునీటి మట్టం పైకి వస్తుంది. ఎండకు తడి ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. కొన్నాళ్ళకు పొలం మీద తెల్లని పొర తేలుతుంది. గోధుమ ఆ ఉప్పును తట్టుకోలేదు. యవలు కొంతవరకు తట్టుకుంటాయి. జేకబ్‌సన్, ఆడమ్స్‌ల లెక్క ప్రకారం క్రీ.పూ. 3500 ప్రాంతంలో దక్షిణదేశంలో గోధుమ, యవలు దాదాపు సమపాళ్ళలో పండేవి. 2500 నాటికి గోధుమ ఆరోవంతుకు, 2100 నాటికి నూటికి రెండు పాళ్ళకు దిగింది. 1700 నాటికి గోధుమ సాగే మానుకున్నారు. యవల దిగుబడి కూడా క్రీ.పూ. 2400 ప్రాంతంలో హెక్టారుకు 2537 లీటర్లున్నది, 2100లో 1460కి, 1700 ప్రాంతంలో 897కి పడిపోయిందన్నారు. ఈ లెక్కలను మార్విన్ పావెల్ 1985లో గట్టిగా ప్రశ్నించాడు. సుమేరు రైతుకు నేలను బీడు పెట్టడం, ఉప్పు కడగడం తెలుసునని, పాత పద్దులను అంత నిక్కచ్చిగా చదవడం తగదని ఆయన వాదం. ఉప్పు ఒక్కటే సుమేరును ముంచిందని నేడు ఎవరూ అనరు. ఉప్పు లేదని కూడా ఎవరూ అనరు.

ఇక రాజ్యాల సంగతి. క్రీ.పూ. 2334 ప్రాంతంలో గద్దెనెక్కిన అక్కాద్ రాజు సర్గోను సుమేరు నగరాలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చాడు. అతని భాష అక్కాదీ. అరబ్బీ, హీబ్రూల కుటుంబానికి చెందినది, సుమేరుతో ఏ సంబంధమూ లేనిది. అయినా అతని కూతురు ఎన్‌హెదువన్నా ఉర్ నగరంలో చంద్రదేవుని ప్రధాన అర్చకురాలై ఉండగా ఆమె పేరున వెలసిన స్తోత్రాలు సుమేరులోనే ఉన్నాయి. పేరు తెలిసిన కవులలో లోకానికి ఆమెయే మొదటిదంటారు. గెలిచినవాడి ఇంటి ఆడపడుచు ఓడినవారి భాషలో కవిత్వం చెప్పిందంటే ఆ భాషకు అప్పటికే ఎంతటి గౌరవం ఉన్నదో ఊహించుకోవచ్చు.

అక్కాద్ కూలిన తరువాత సుమేరుకు చివరి వెలుగు ఉర్ నగరంలో కనబడుతుంది. ఉర్-నమ్ము (క్రీ.పూ. 2112–2095) వేయించిన శాసనస్మృతి నేటికి దొరికినవాటిలో అతి ప్రాచీనం. అతని కొడుకు షుల్గి (2094–2047) తాను చిన్ననాడు పలకల బడిలో చదివానని స్తోత్రాలలో గొప్పగా చెప్పించుకున్నాడు. ఆ వంశపు నూరేండ్ల పాలనలో రాసిన పద్దుల పలకలే లక్షకు పైగా దొరికాయి. ఒక గొర్రె చచ్చినా పలక మీదికెక్కవలసిందే. పడమటి ఎడారుల నుంచి వచ్చే అమోరీయులను ఆపడానికి వారు పెద్ద గోడ కట్టించారు. గోడ ఆపలేదు. చివరిరాజు ఇబ్బి-సిన్ కాలంలో ఒక్కొక్క రాష్ట్రమే పన్ను పంపడం మానింది. ధాన్యం కొనుక్కు రమ్మని 20 తలాంతుల వెండి ఇచ్చి పంపిన అధికారి ఇష్బి-ఎర్రా, 72,000 గుర్రుల ధాన్యం కొన్నాను కాని అమోరీయులు దారి కాచారు, 600 పడవలు పంపమని రాజుకు రాసినట్టు ఒక లేఖ ఉంది. పడవలు రాలేదు, ధాన్యం కదలలేదు. ఇష్బి-ఎర్రా ఇసిన్ నగరంలో తానే రాజైకూర్చున్నాడు. క్రీ.పూ. 2004లో తూర్పునుంచి ఏలమీయులు వచ్చి ఉర్‌ను కొల్లగొట్టి ఇబ్బి-సిన్‌ను బందీగా పట్టుకుపోయారు. సుమేరు రాజ్యం అంతటితో సరి.

పాఠ్యపుస్తకం ఇక్కడ పుట తిప్పుతుంది. కాని పైన చెప్పిన లేఖ మనకు ఎలా దొరికింది? రాజుగారి భాండాగారంలో కాదు. రెండు మూడు వందల ఏండ్ల తరువాత, బడిపిల్లలు చేతిరాత కోసం దిద్దుకున్న పలకల మీద. అది అసలు లేఖయేనా, పంతుళ్ళు అల్లినదా అని పండితులు నేటికీ తర్కించుకుంటున్నారు. ఉర్ పతనం మీద పుట్టిన విలాపకావ్యాలు, షుల్గి స్తోత్రాలు, ఎన్‌హెదువన్నా స్తోత్రాలు, గిల్గమేషు గురించిన సుమేరు కథలు మనకు చేరినది కూడా చాలామట్టుకు ఆ దారినే.

ఆ బడిని సుమేరులో 'ఎ-దుబ్బా' అంటారు. 'ఎ' అంటే ఇల్లని చెప్పుకున్నాం. 'దుబ్' అంటే పలక. తెలుగులో పలకల బడి అనుకుంటే సరిపోతుంది. నిప్పూర్‌లో 1951–52లో తవ్విన ఒక చిన్న ఇంట్లో సుమారు 1400 పలకలు, పలకముక్కలు దొరికాయి. క్రీ.పూ. 18వ శతాబ్దిలో అది వీధిబడి వంటిది. పాత పలకలను నీళ్ళలో నానవేసి మళ్ళీ మట్టిముద్ద చేసుకునే తొట్టి కూడా ఆ ఇంట్లో ఉంది. అక్కడి పాఠక్రమం చూస్తే ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలచేత గుణింతాలు పలికించిన నాకు కొత్త ఊరిలో పాత చుట్టం ఎదురైనట్టనిపించింది. ముందు ఒట్టి గీతలు. తరువాత 'తు, త, తి. ను, న, ని. బు, బ, బి' అంటూ సాగే అక్షరాల వరుస. మన గుణింతానికి పెద్దన్న. ఆపైన వేలకొద్దీ మాటల పట్టికలు: కర్రసామాను, రెల్లుసామాను, కుండలు, తోళ్ళు, లోహాలు, జంతువులు, రాళ్ళు, తినుబండారాలు. ఆపైన ఎక్కాలు, సామెతలు, దస్తావేజుల నమూనాలు. అన్నీ అయ్యాక కావ్యాలు. గుండ్రని పలక మీద పై వరుసలో పంతులు ఒరవడి రాసిపెట్టేవాడు. కింది వరుసలో పిల్లవాడు దిద్దేవాడు. పంతులు గీత ఎంత కుదురుగా ఉందో, పిల్లవాడి గీత ఎంత తడబడిందో నాలుగువేల ఏండ్ల తరువాత కూడా కనబడుతుంది.

శామ్యూల్ నోవా క్రేమర్ అనే పండితుడు ఒక బడిపిల్లవాడి కథను పలకముక్కల నుంచి కూర్చి 1949లో ప్రకటించాడు. పిల్లవాడు తల్లి ఇచ్చిన రెండు రొట్టెలు పట్టుకుని బడికి పరుగెడతాడు. ఆలస్యమైందని భయం. ఆ రోజంతా దెబ్బలే. మాట్లాడినందుకు, లేచి నిలబడినందుకు, గుమ్మం దాటినందుకు, రాత బాగా లేనందుకు. చివరికి తండ్రికి చెప్పి పంతులుగారిని ఇంటికి భోజనానికి పిలిపిస్తాడు. కొత్తబట్ట, వేలికి ఉంగరం సమర్పించిన పిమ్మట పంతులుగారి నోట ఆశీర్వచనం ధారాళంగా వస్తుంది! కోదండం, గుంజిళ్ళు, పండుగ మామూళ్ళు ఎరిగిన మన వీధిబడికి ఇది ఎంతో దూరం కాదు.

ఆ దెబ్బలలో ఒకదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సుమేరు భాషకు కాపలాగా ఉన్న బడివాడొకడు ఆ పిల్లవాణ్ణి, నీవు అక్కాదీలో మాట్లాడావు అంటూ కొడతాడు. అంటే అప్పటికే పిల్లవాడి ఇంటిభాష అక్కాదీ. రొట్టెలిచ్చిన తల్లి మాట్లాడినది అక్కాదీ. సుమేరు బడి గడప లోపలి భాష. అమ్మభాష మాట్లాడినందుకు పిల్లవాణ్ణి దండించడం మనకూ కొత్త సంగతి కాదు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసిన బడులు మన పట్టణాల్లోనూ ఉన్నాయి. అయితే సుమేరు కథలో ఫలితం గమనించదగినది. దెబ్బలు తిన్న అక్కాదీ మరి వెయ్యేళ్ళకు పైగా బజారులోనూ రాజసభలోనూ వెలిగింది. దెబ్బలు కొట్టి కాపాడిన సుమేరు ఏ తల్లి నోటికీ తిరిగి రాలేదు. ఇంట్లో ఉన్న భాష బడిదెబ్బలకు చావదు. ఇంటినుంచి వెళ్ళిపోయిన భాషను బడిదెబ్బలు వెనక్కి తేలేవు.

క్రీ.పూ. 1740–1720ల మధ్య తిరుగుబాట్ల వల్ల, కాలువల్లో నీరు తగ్గడం వల్ల ఉర్, ఉరుక్, లార్సా, నిప్పూర్‌లు ఒకదాని వెంట ఒకటి చాలవరకు ఖాళీ అయ్యాయి. పంతుళ్ళు ఉత్తరాన బాబిలోనువైపు తరలిపోయారు. వెళుతూ సుమేరును వెంట తీసుకుపోయారు. అక్కాదీ పిల్లలకు సుమేరు నేర్పాలి కనుక మాటల పట్టికలలో ఒకవైపు సుమేరు, మరొకవైపు అక్కాదీ అర్థం రాశారు. తరువాత అక్కాదీ కూడా జనం నోటినుంచి తొలగి అరమాయికు భాష వచ్చింది. పారశీకులు వచ్చారు, అలెగ్జాండరు వచ్చాడు. బాబిలోను ఆలయాల చాటున నలుగురైదుగురు పిల్లలు సుమేరు పట్టికలు దిద్దుతూనే ఉన్నారు. తేదీ తెలిసిన చివరి శరాకారలిపి పలకలు క్రీ.శ. 1వ శతాబ్ది చివరి పాదానివి. అవి ఖగోళ గణితం.

ఆ చివరి కాలానికి చెందిన కొన్ని చిన్న పలకముక్కలున్నాయి. ఒకవైపు శరాకారలిపిలో సుమేరు, అక్కాదీ పాఠం; రెండోవైపు అదే పాఠం ఉచ్చారణ గ్రీకు అక్షరాలలో. లిపి కష్టమై, ధ్వని మరచిపోతుందేమోనన్న భయంతో, తాము ఎరిగిన పరాయి అక్షరాలలో రాసుకున్నారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్న రోజులు గుర్తున్న మనకు ఆ పలకను చూస్తే నవ్వు రాదు.

ఆ పిల్లల శ్రమ వృథా పోలేదు. 19వ శతాబ్దిలో రాలిన్‌సన్, హింక్స్, ఓపెర్ట్ వంటి పండితులు శరాకారలిపి చదివి అక్కాదీని అర్థం చేసుకున్నాక, సుమేరు అనే మరొక భాష ఉందని తెలిసింది. బంధువులు లేని భాషను ఎలా చదవడం? బాబిలోను బడి పట్టికలే నిఘంటువులయ్యాయి. బడిపిల్లవాడి పలక లేకపోతే సుమేరు నేడు ఒట్టి గీతల కుప్ప.

అలా కాకపోతే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. సింధులోయ నగరాలు ఇదే కాలంలో సుమేరుతో వర్తకం చేశాయి. సర్గోను శాసనం తన రేవులో మెలుహ్హా పడవలు ఆగేవని చెబుతుంది. మెలుహ్హా అంటే సింధుదేశమేనని చాలామంది పండితుల అభిప్రాయం. షు-ఇలిషు అనే ఆయన తాను మెలుహ్హా భాషకు దుబాసీనని చెప్పుకున్న ముద్రిక లూవ్ర్‌లో ఉంది. రెండు భాషలూ తెలిసిన మనిషి ఒకడు ఉండేవాడు. కాని అతడు రాసిపెట్టిన పట్టిక మనకు దొరకలేదు. హరప్పా, మొహెంజొదారోల సంగతి 1924లో జాన్ మార్షల్ లోకానికి ప్రకటించి నూరేండ్లు దాటింది. ఇరావతం మహదేవన్ 1977లో 417 గుర్తులను వర్గీకరించి పెట్టాడు. ఆ లిపిని ఛేదించినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తామని తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. అంతటి మురుగుకాలువలు, అంత ఖచ్చితమైన తూనికరాళ్ళు చేసినవారు తమ ఊరిని ఏ పేరుతో పిలుచుకున్నారో కూడా మనకు తెలియదు.

2008లో తెలుగుకు కేంద్రప్రభుత్వం ప్రాచీన హోదా ఇచ్చినప్పుడు అందరితోపాటు నేనూ సంతోషించాను. ఆ సంతోషం నేటికీ తగ్గలేదు. కాని ప్రాచీన హోదా అన్నది సుమేరుకు దక్కినంతగా లోకంలో అరుదుగా ఏ భాషకైనా దక్కి ఉంటుంది. రాజులు దానిలో శాసనాలు వేయించారు, అర్చకులు దానిలో దేవుళ్ళను పిలిచారు, పంతుళ్ళు దెబ్బలు కొట్టి మరీ నేర్పారు. దాని ఫలితంగా సుమేరు భద్రంగా ఉంది. బతికి మాత్రం లేదు. బడి ఎంత చేయగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఈ ఒక్క కథలో రెండూ ఉన్నాయి. తెలుగు చెప్పి పొట్టపోసుకున్నవాణ్ణి గనుక బడి గొప్పను తక్కువ చేయలేను. అయితే మనుమలు బడినుంచి ఇంటికి వచ్చి ఆకలేస్తోందని ఏ భాషలో అడుగుతున్నారో, వారికి మనం ఏ భాషలో బదులిస్తున్నామో ఒకసారి చెవి ఒగ్గి వినమని తోటివారిని కోరుతున్నాను.

స్వస్తి.